తీజ్ బుట్ట నుంచి థర్మోకోల్ దాకా: మన పండుగల అలంకరణ చరిత్ర

శ్రావణమాసం వచ్చిందంటే దంతాలపల్లి చుట్టూ ఉన్న లంబాడీ తండాల్లో తీజ్ సందడి మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు దూసేరు తీగతోనో వెదురుతోనో అల్లిన బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపుతారు. అందులో నానబెట్టిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. ఎనిమిదో రోజున మట్టితో గణగోర్ బొమ్మలు చేస్తారు. తొమ్మిదో రోజున కొన్ని మొలకలను పెద్దల తలపాగాల్లో దోపుతారు. మిగిలిన వాటిని నీళ్లలో కలుపుతారు. బుట్టను సాగనంపేటప్పుడు ఆడపిల్లలు ఏడుస్తారు.

ఈ పండుగలో అలంకరణ వేరు, పూజ వేరు కాదు. మొలకే దేవత, మొలకే అలంకరణ. పండుగ అయిపోయాక మిగిలేది మట్టి, గడ్డి, తీగ. వాగు వాటిని తనలో కలుపుకుంటుంది.

ఇలా ఎందుకు ఉండేదో అర్థం కావాలంటే మన నడక చరిత్ర చూడాలి. బంజారాలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికినవాళ్లు. ఆ వ్యాపారాన్ని లదేణి అనేవాళ్లు. పదిహేడో శతాబ్దంలో దక్కన్ మీదికి వచ్చిన మొగలు సైన్యాలకు ధాన్యం మోసింది వాళ్లే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు, 1889 నాటికి వరంగల్ మీదుగా బెజవాడకు రైలు మార్గం పడింది. రైలూ రోడ్డూ వచ్చాక ఎడ్ల బేరం పడిపోయింది. చాలామంది తండాలు కట్టుకుని సాగులోకి దిగారు. దారి పొడుగునా బతికిన మనుషులు అవసరం లేని బరువు మోయలేరు. అందుకే దిగిన చోట దొరికే మన్ను, తీగ, ఆకులతోనే పండుగ చేసుకున్నారు.

మోసుకెళ్లిన అలంకరణ కూడా ఒకటి ఉంది. అది ఒంటి మీది బట్ట. అద్దాలు, గవ్వలు కుట్టిన ఫేటియా, కాంచళి ఏళ్ల తరబడి వాడుకునేవి. చిరిగితే అద్దాలు విప్పి ఇంకో బట్టకు కుట్టుకునేవాళ్లు.

అలాగని పాతదంతా మంచిదేనని చెప్పుకుంటే అది చరిత్ర కాదు. మన అవ్వలు చేతినిండా వేసుకున్న బలియాలు ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసినవి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. తర్వాత దంతం వ్యాపారాన్నే నిషేధించారు. ఇప్పుడు కనిపించే తెల్ల గాజులు ఎక్కువగా ప్లాస్టిక్‌వే. ఇక్కడ ప్లాస్టిక్ ఏనుగుకు మేలే చేసింది. పైగా ఆ గాజు ఏళ్లకేళ్లు చేతికే ఉంటుంది.

కోయల మేడారం కూడా మనకు ఇదే పాఠం చెబుతుంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే ఆ జాతరలో సమ్మక్కకు విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె, వెదురు రూపంలో తల్లి గద్దెకు వస్తుంది. మన మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు వస్తాడు. కానుకగా ఇచ్చే బంగారం బెల్లమే. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇప్పుడు కోటి దాటిన జనం వస్తున్నారు. తల్లులు అడవికి వెళ్లిపోయాక పొలాల్లో మిగిలేవి పల్చటి సంచులు, నీళ్ల సీసాలు, తిని పారేసిన ప్లేట్లు. వాటిని ఏరుకోవాల్సింది అక్కడి కోయ రైతులు, పారిశుధ్య కార్మికులు.

ఈ చరిత్రను ఒకచోట పెట్టి చూస్తే మన అలంకరణలో రెండే రకాలు కనిపిస్తాయి. తొమ్మిది రోజుల్లో మట్టిలో కలిసేవి కొన్ని. ఏళ్ల తరబడి వాడుకునేవి కొన్ని. ఒక్కపూట వాడి పారేస్తే వందల ఏళ్లు మట్టిలో పడుండే వస్తువు మన పెద్దలకు తెలియదు. ఆ మూడో రకం టెంట్ హౌస్‌తో, ఫ్లెక్సీతో, థర్మోకోల్‌తో ఈ మధ్యనే వచ్చింది. ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతికి, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి కూడా ఇప్పుడు ముందు ఫ్లెక్సీయే గుర్తొస్తోంది. అది పెడితేనే ఘనంగా చేసినట్టు, మన్నూ ఆకులూ పెడితే వెనకబడినట్టు పిల్లలు అనుకుంటున్నారు. వాగు కన్నా ముందు దెబ్బతిన్నది ఈ ఆత్మగౌరవం.

చట్టం ఇప్పుడు మన అవ్వల మాటకే వచ్చింది. 2022 జులై 1 నుంచి దేశమంతటా అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, ప్లాస్టిక్ జెండాలు, 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు నిషేధం. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహాలకు మట్టే వాడాలని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. గణగోర్ చేసే ఆడపిల్లకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

అయితే పేరు చూసి మోసపోవద్దు. లోపల ప్లాస్టిక్ పొర అంటించిన పేపర్ ప్లేటు మట్టిలో కలవదు. మట్టి బొమ్మ అయినా రసాయన రంగు పూస్తే ఆ రంగు చెరువులోకే పోతుంది. బతుకమ్మకు గునుగు పూలను రసాయన రంగులో ముంచినా అంతే. ఆ నీళ్లు తాగేది మన పశువులే. మోదుగు ఆకు విస్తరి కుట్టడం ఒకప్పుడు ఆడవాళ్లకు నాలుగు పైసలు తెచ్చే పని. సభ జరిపేవాళ్లు విస్తర్లు ముందే చెప్పి కుట్టిస్తే ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. బట్ట మీద తారీఖు లేకుండా రాయించిన బ్యానర్ ఏటా పనికొస్తుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి తీజ్‌కు ముందు పిల్లలను తండాలోని అవ్వల దగ్గరికి పంపండి. వాళ్ల చిన్నప్పుడు పండుగకు ఏయే వస్తువులు వాడారో, అవి ఎక్కడ దొరికేవో, పండుగ తర్వాత ఏమయ్యేవో అడిగి రాసుకు రమ్మనండి. తెచ్చినవాటిని మూడు వరుసలుగా రాయించండి: మట్టిలో కలిసేవి, మళ్లీ వాడేవి, పారేసేవి. ఆ పక్కనే మీ బడిలో పోయినసారి జరిగిన ఆగస్టు 15 వేడుకకు కొన్న సామాన్ల జాబితా కూడా అలాగే రాయించండి. మూడో వరుసలో దేని కింద ఎంత ఉందో పిల్లలే లెక్కపెట్టి చెబుతారు. వచ్చే వేడుకకు ఏం కొనాలో, ఏం కొనకూడదో కూడా వాళ్లనే తేల్చనివ్వండి.