హాజరుపట్టీలో కనిపించే గాయం

కోదండం వేయడమంటే ఏమిటో ఈ తరం పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. దూలానికి తాడు కట్టి, పిల్లవాణ్ణి ఆ తాడు పట్టుకొని వేలాడమని, చేతులు జారితే బెత్తంతో కొట్టేవారు. మన వీధిబడుల్లో అది మామూలు శిక్ష. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, వేళ్ళ సందున బలపం పెట్టి నొక్కడం దాని తోబుట్టువులు. ఆ రోజుల జ్ఞాపకాలు రాసుకున్న పెద్దల్లో కొందరు వీటిని నవ్వుతూనే తలుచుకున్నారు. అయితే రాసుకోగలిగినవాళ్ళంతా ఆ బడిని దాటి వచ్చినవాళ్ళు. దెబ్బలకు జడిసి పలక పారేసి గొడ్ల వెంట వెళ్ళిపోయినవాడు స్వీయచరిత్ర రాయలేదు. పిల్లల మీద హింసకూ చదువుకూ ఉన్న సంబంధాన్ని వెతకబోతే మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. నష్టపోయినవాడి సాక్ష్యం ఎక్కడా ఉండదు.

ఇంటి దెబ్బలు వేరు, బడి దెబ్బలు వేరు అని కూడా అప్పట్లో ఎవరూ అనుకోలేదు. కొట్టయినా సరే నాలుగక్షరాలు నేర్పమని తండ్రే పంతులుగారికి అప్పజెప్పి వచ్చేవాడు. చదువు రాకపోతే తప్పు పిల్లవాడిది, వాడు మొద్దు. ఆ మొద్దుతనం వెనక ఇంట్లో ఏమైనా జరుగుతోందా అని అడగడానికి లోకానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది. దెబ్బను చూడడం మనుషులు కాస్త ముందే నేర్చుకున్నారు. ఆలనాపాలనా లేకపోవడాన్ని చూడడం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నారు. చదువును మరింత లోతుగా దెబ్బతీసేది ఆ రెండోదే.

1860లో పారిస్‌లో ఆంబ్రువాజ్ తార్దియు అనే న్యాయవైద్యుడు పెద్దల చేతుల్లో చిత్రహింసలు పడిన 32 మంది పిల్లల ఉదంతాలను వ్యాసంగా రాశాడు. వాళ్ళలో 18 మంది చనిపోయారు. కొట్టినవాళ్ళలో ఎక్కువమంది తల్లిదండ్రులే. సాటి వైద్యులు ఆ వ్యాసాన్ని పట్టించుకోలేదు. కన్నవాళ్ళు అంత పని చేస్తారని నమ్మడానికి వాళ్ళకు మనసొప్పలేదేమో.

పద్నాలుగేళ్ళ తరవాత, 1874లో, న్యూయార్క్ న్యాయస్థానానికి మేరీ ఎలెన్ అనే పదేళ్ళ పిల్లను దుప్పటి కప్పి తీసుకొచ్చారు. ఎట్టా వీలర్ అనే సేవకురాలు ఆ పిల్లను చూసి, ఎవరూ కదలకపోతే, జంతు సంరక్షణ సంఘం స్థాపకుడు హెన్రీ బెర్గ్ దగ్గరికి వెళ్ళింది. జంతువుల చట్టం కింద పసిపిల్లను కాపాడారన్న మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది కానీ అది నిజం కాదు. బెర్గ్ ఒక పౌరుడిగానే కోర్టుకు వెళ్ళాడు. మేరీ చెప్పిన సాక్ష్యంలో కొరడా దెబ్బల సంగతి అందరికీ గుర్తుండిపోయింది. రాత్రిపూట పెరట్లోకి తప్ప తనను బయటికి పంపలేదనీ, తోటిపిల్లలతో ఎన్నడూ ఆడుకోనివ్వలేదనీ కూడా ఆ పిల్ల చెప్పింది. ఆ మాట అంతగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

నిర్బంధ విద్య వచ్చాక కానీ ఈ రెండో రకం బాధ బడి గడప దగ్గర బయటపడలేదు. అందరు పిల్లలూ బడికి రావాలన్నప్పుడే తిండి లేనివాడు, ఒంట్లో బాగాలేనివాడు, నిద్ర లేనివాడు ఉపాధ్యాయుడి కంటబడ్డారు. ఇంగ్లండులో 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం, మరుసటి ఏడాది వైద్యపరీక్షలు వచ్చాయి. మన దగ్గర 1920లో మద్రాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. దానికి ముందు నిలిచినవాడు పిట్టి త్యాగరాయచెట్టి, తెలుగు కుటుంబంలో పుట్టిన నాయకుడు. కడుపు నిండితే బడికి వస్తాడు, వస్తే నేర్చుకుంటాడు అన్న చిన్న సత్యం మీద కట్టిన పథకం అది.

ఆ తరవాత కథ మళ్ళీ ఎముకల వైపు మళ్ళింది. 1946లో జాన్ కాఫీ అనే అమెరికా వైద్యుడు ఎక్స్‌రేల్లో పసిపిల్లల ఎముకలు విరిగి ఉండడాన్ని, తలలో నెత్తురు గడ్డకట్టి ఉండడాన్ని కలిపి చూశాడు. 1962లో డెన్వర్ వైద్యుడు హెన్రీ కెంప్, తన సహచరులతో కలిసి, దెబ్బలు తిన్న పిల్లల లక్షణాలకు ఒక పేరు పెట్టి ప్రకటించాడు. 71 ఆసుపత్రులను అడిగితే ఒక్క ఏడాదిలో 302 కేసులు తేలాయి. 33 మంది పిల్లలు చనిపోగా 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఈసారి అమెరికా కదిలింది. నాలుగైదేళ్ళలో దాదాపు అన్ని రాష్ట్రాలూ, అనుమానం వస్తే అధికారులకు తెలియజేయాలన్న చట్టాలు చేశాయి. మొదట వైద్యులకే ఉన్న ఆ బాధ్యత క్రమంగా ఉపాధ్యాయుల మీదికీ వచ్చింది. 1974లో సమాఖ్య చట్టం వచ్చింది.

అప్పటికీ చట్టం అడిగిన ప్రశ్న ఒక్కటే: గాయం ఉందా? పిల్లవాడు ఎన్నో తరగతిలో ఆగిపోయాడు, లెక్కల్లో ఎందుకు వెనకబడ్డాడు అని అడిగినవాళ్ళు తక్కువ. 1975లో మిన్నెసోటాలో బైరన్ ఎగలాండ్, అలాన్ స్రూఫ్ బృందం పేద గర్భిణులతో ఒక పరిశీలన మొదలుపెట్టి, పుట్టిన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. అందులో ఒక కొత్త రకం తల్లి కనిపించింది. ఆమె కొట్టదు, తిట్టదు. బిడ్డ ఏడ్చినా నవ్వినా మాత్రం ఆమెలో చలనం ఉండదు. ఒంటి మీద ఒక్క మచ్చ లేని ఆ పిల్లలు బడికి వచ్చేసరికి కుదురుగా కూర్చోలేక, చెప్పింది అందుకోలేక తడబడ్డారు. 1984లో ఇసబెల్ వోలాక్, బెర్నార్డ్ హొరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసంలో, నిర్లక్ష్యాన్నే నిర్లక్ష్యం చేశామని సూటిగా అన్నారు. అమెరికాలో ధ్రువపడిన కేసుల్లో అత్యధికం నిర్లక్ష్యానివే అయినా, పత్రికలకెక్కేది దెబ్బల కథే.

ఇక 1993. ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు నిలబడే ఏడాది ఇది. పరిశోధకుడు జాన్ ఎకెన్‌రోడ్, ఇద్దరు సహచరులు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న నగరంలో అధికారికంగా నమోదైన 420 మంది బాధిత పిల్లల బడి రికార్డులు తీశారు. వాళ్ళకు జోడీగా అదే వయసు, అలాంటి ఇరుగుపొరుగు ఉన్న మరో 420 మందిని ఎంచుకున్నారు. మార్కులు, పరీక్షలు, తప్పిన తరగతులు, హెడ్మాస్టరు గదికి పంపిన సందర్భాలు, అన్నీ సరిపోల్చారు. బాధిత పిల్లలు మార్కుల్లో వెనకబడ్డారు, ఒకే తరగతి మళ్ళీ చదివినవాళ్ళు వాళ్ళలో ఎక్కువ. దెబ్బలు తిన్న పిల్లలు ఎక్కువగా గొడవల్లో, క్రమశిక్షణ చర్యల్లో కనిపించారు. చదువులో అందరికంటే అడుగున ఉన్నది ఆలనాపాలనా లేని పిల్లలు. పేదరికం ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాక కూడా ఆ తేడా మిగిలింది. లైంగిక హింసకు గురైన పిల్లలు మాత్రం మార్కుల్లో ఏ హింసకూ గురికానివారికి దగ్గరగానే ఉన్నారు. మార్కులు బాగున్నాయి కాబట్టి పిల్ల బాగుందనుకునే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రోగ్రెస్ కార్డు అన్నీ చెప్పదు.

మరుసటి ఏడాది కాథీ విడమ్ మరొకరితో కలిసి ఇంకో సంగతి బయటపెట్టింది. 1967-71 మధ్య కోర్టు రికార్డులకెక్కిన బాధిత పిల్లలను ముప్పయ్యేళ్ళు వచ్చేవేళకు మళ్ళీ కలిస్తే, చదివే శక్తిలో వాళ్ళు ఇంకా వెనకే ఉన్నారు. అంటే ఇది ఒక తరగతితో పోయే నష్టం కాదు.

ఎందుకిలా జరుగుతుందన్న ప్రశ్నకు 2000 తరవాత కొంత జవాబు దొరికింది. విస్కాన్సిన్‌లో సెత్ పొలాక్, పవన్ సిన్హా పిల్లలకు మసకగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించి, కొంచెం కొంచెంగా స్పష్టం చేస్తూ పోయారు. దెబ్బలు తిన్న పిల్లలు కోపపు ముఖాన్ని తోటివారికంటే ముందే, ఇంకా మసకగా ఉండగానే, గుర్తుపట్టారు. ఇది తెలివిలేని పిల్లల లక్షణమా? వాళ్ళ తెలివంతా ఒకే పనికి అరువు పోయింది. నల్లబల్ల మీది భాగహారం చూడవలసిన కళ్ళు మేష్టారి కనుబొమల మీద ఉంటాయి. ఎప్పుడు దెబ్బ పడుతుందో కనిపెట్టడం నేర్చిన మెదడు ఎక్కాలకు చోటివ్వడం కష్టం.

ఆలనలేమి మెదడుకు ఏం చేస్తుందో చూపించింది రొమేనియా. ఆ దేశ నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాలను నిషేధించాడు, పెంచలేని కుటుంబాల పిల్లలతో అనాథ గృహాలు నిండిపోయాయి. 1989లో ఆయన పతనమయ్యాక లోకం ఆ తొట్టెల వరసలను చూసింది. తిండి ఉంది, ఎత్తుకునే చెయ్యి లేదు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా 2000 ప్రాంతంలో బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలను తీసుకొని, చీటీ వేసినట్టు సగంమందిని పెంపుడు ఇళ్ళకు పంపారు. మూడున్నరేళ్ళ వయసులో గృహాల్లోనే ఉన్నవారి తెలివితేటల సగటు 77. పెంపుడు ఇళ్ళకు వెళ్ళినవారిది సుమారు 86. కన్నవారి దగ్గర పెరిగిన పొరుగుపిల్లలది 103. రెండేళ్ళ లోపు ఒడి దొరికినవాళ్ళు ఎక్కువ కోలుకున్నారు. పసివాణ్ణి పలకరించడం, ఎత్తుకోవడం, కథ చెప్పడం చదువులో భాగమేనని అంతకంటే గట్టిగా చెప్పిన ఆధారం నాకు తెలియదు.

మన ప్రాంతానికి వస్తే ఈ కథ బాలకార్మికుడి రూపంలో వచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు శాంతా సిన్హా, తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా 1991 ప్రాంతంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి పిల్లలను బడికి తెచ్చే పని మొదలుపెట్టారు. ఆమె వాదన సూటిది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పేదవాళ్ళకు పిల్లల చదువు అక్కర్లేదన్న మాటను ఆ అనుభవం అబద్ధం చేసింది. శిబిరాలు పెట్టి, వయసుకు తగిన తరగతిలో చేర్చే దారి చూపిస్తే కూలితల్లులు పస్తులుండి పిల్లలను పంపారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేదరికం నిర్లక్ష్యం కాదు. పాలమూరు నుంచి వలసపోయే తల్లి బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలితే అది ఆమె ప్రేమ లోపం కాదు, ఊళ్ళో పని లేకపోవడం. కానీ బడికి వచ్చేసరికి ఆ బిడ్డ నష్టం మాత్రం నిజం. చెల్లిని చంకనెత్తుకొని సోమవారాలు మానేసే ఆరో తరగతి పిల్ల కళ్ళముందు కనిపిస్తూనే ఉంటుంది. తల్లిని తప్పుపట్టకుండానే ఆ పిల్లను ఆదుకోవచ్చు. వలస కాలపు వసతిగృహాలు, 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు అందుకే కావాలి.

బెత్తం సంగతి చట్టంలో త్వరగానే తేలింది. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అక్కడి బడుల్లో దండనకు వీలిచ్చే నిబంధనలను కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో జీవో 16తో బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధిస్తోంది. కాగితం ఒకటి, తరగతి గది మరొకటి. 2007లో కేంద్ర ప్రభుత్వం 12,447 మంది పిల్లలను కలిసి చేయించిన అధ్యయనంలో బడిపిల్లల్లో 65 శాతం దెబ్బలు తిన్నామన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి వేలమంది పిల్లలను వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో ఎనిమిదేళ్ళవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా అంతకుముందు వారంలోనే టీచరు ఎవరినో కొట్టడం చూశామన్నారు. జీవో వచ్చి అప్పటికి ఏళ్ళు గడిచాయి. బడి ఇష్టం లేకపోవడానికి ఆ పిల్లలు చెప్పిన కారణాల్లో ముందున్నది ఈ హింసే. ఇంట్లో దెబ్బలు తిన్నవాడికి బడి రెండో ఇల్లు కావాలి, మన దగ్గర అది చాలాసార్లు రెండో దెబ్బే అయింది.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. లైంగిక హింస జరిగిందని తెలిసీ చెప్పకపోవడం దాని కింద నేరం, ఉపాధ్యాయుడికైనా సరే.

ఉపాధ్యాయులారా, మీ చేతిలో వైద్యుడికి లేని పరికరం ఒకటుంది: హాజరుపట్టీ. ఏడాదికి రెండు వందల రోజులకు పైగా ఆ పిల్లవాణ్ణి చూసేది మీరు. వరసగా మూడు వారాలు ఒకే రోజున ఖాళీగా ఉన్న గడి, ఉన్నట్టుండి పడిపోయిన మార్కులు, మధ్యాహ్న భోజనం దగ్గర రెండోసారి పట్టే పళ్ళెం, తొలి గంటలోనే ముంచుకొచ్చే నిద్ర, ఇవన్నీ మీ కళ్ళముందే ఉన్నాయి. మొద్దు అనేముందు ఒకసారి ఆ ఇంటిదాకా వెళ్ళి రండి. మీ వల్ల కానిదైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా పలుకుతారు. ఆ నాలుగంకెలు పిల్లల కళ్ళకు అందే ఎత్తులో, నల్లబల్ల పక్కన, రేపే రాయించండి.