ఆటిజం గలవారి ఆదరణ: మన తాలూకాల చరిత్రలో వ్రాయని పుట

మన ప్రాంతపు చరిత్రను వ్రాసినవారు పాళెగాండ్రను గూర్చియు, గుమ్మనాయకనిపాళ్యము కోటను గూర్చియు, కైవారమున తెలుగు కన్నడములు రెండింటను తత్త్వములు చెప్పిన నారాయణప్పగారిని గూర్చియు, ముద్దేనహళ్ళిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారిని గూర్చియు విరివిగా వ్రాసియున్నారు. వానిని మరల వ్రాయవలసిన పని నాకు లేదు. నేను ఎన్నుకొన్న విషయము చిన్నది. కాని మన సంఘమున కొన్ని యిండ్లవారు పెండ్లికిని పేరంటమునకును రాక తలుపు వేసికొని యుండుటకు అదియే కారణము. ఆటిజం అను స్థితితో పుట్టిన బిడ్డలకును, ఆ బిడ్డలు పెద్దవారైన పిదప వారికిని ఆసరా ఎచ్చట దొరకినది, ఎవరి వలన దొరకినది, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగువారి గడప దాక అది ఎంతవరకు వచ్చినది అనునదే ఈ వ్యాసము.

ఆటిజమును కొందరు పండితులు స్వలీనత యని అనువదించిరి. ఆ మాట మన వీధులలో నాటుకొనలేదు గనుక నేను ఆటిజం అనియే వ్రాయుచున్నాను. పిలిచిన పలుకకుండుట, ఎదుటివారి కన్నులలోనికి చూడకుండుట, మాట ఆలస్యముగా వచ్చుట లేక విన్న మాటనే మరల మరల యనుట, ఒకే పనిని ఒకే తీరున జరుపవలెనని పట్టుబట్టుట, పెండ్లి బాజాలకు చెవులు మూసికొని పరుగెత్తుట, ఇవి దాని లక్షణములలో కొన్ని. ఇది అంటువ్యాధి కాదు. మందుతో మానునది కాదు. పుట్టుకతోనే మెదడు వేరొక తీరున ఎదుగుట. వీరిలో జన్మమంతయు మాటరాని వారును కలరు, పదేండ్లనాటి తేదీకి వారమేదో తడుముకొనక చెప్పువారును కలరు. ఇట్టివారు మన ఊళ్ళలో ఎల్లప్పుడును ఉండిరి. మన పెద్దలు ఒకని మూగవాడనిరి, ఒకని అమాయకుడనిరి, ఒకని దేవుని బిడ్డ యనిరి, కోపము వచ్చిననాడు పిచ్చివాడనిరి. పేర్లు పెక్కు గలిగినను అసలు పేరు మాత్రము లేకపోయెను.

ముప్పది సంవత్సరములకు పైగా గుమాస్తాగిరి చేసినవాడను గనుక, కాగితమున గడి లేని వస్తువు సర్కారు కంటికి కనబడదని నాకు బాగుగ తెలియును. ఆంగ్లేయుల కాలపు జనగణనలలో 1931 వరకు అంధులకు, చెవిటి మూగలకు, కుష్ఠురోగులకు, మతిచెడినవారికి గడులుండెను. తరువాత వానిని తీసివేసిరి. 1981లో కొంతమేరకు చేర్చి, 1991లో మరల తీసివేసి, 2001లో తిరిగి చేర్చిరి. 2011 జనగణనలో ఎనిమిది విధముల వైకల్యములను అడిగిరి గాని ఆటిజమునకు ప్రత్యేకమైన గడి లేదు. కాబట్టి మన తాలూకాలలో ఇట్టివారు ఎందరని ఎవరైన అడిగినచో, చూపుటకు పుస్తకము లేదు.

ఈ స్థితికి పేరు పెట్టిన కథ మన దేశమున జరిగినది కాదు. అమెరికాలో బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండు మంది పిల్లలను వర్ణించి ఒక వ్యాసము ప్రకటించెను. మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అట్టి పిల్లలను గూర్చియే వ్రాసెను. కానర్ వ్యాసమున మొదటి బాలుడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న పట్టణమున 1933లో పుట్టినవాడు. ఇతని చరిత్ర మనకు పనికివచ్చునది గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

మూడవ యేట ఇతనిని వైద్యుల సలహాపై ఇంటికి దూరముగా ఒక ఆశ్రయ గృహమున చేర్చిరి. సుమారు ఒక సంవత్సరము గడచిన పిదప తల్లిదండ్రులు వైద్యుల మాట కాదని ఇంటికి తెచ్చుకొనిరి. తండ్రి కుమారుని నడతను పూసగ్రుచ్చినట్లు ముప్పది మూడు పుటల జాబుగా కానర్‌కు వ్రాసెను. ఆటిజం శాస్త్రమునకు మూలమైన పత్రము ఒక తండ్రి వ్రాసిన జాబు అనుట అతిశయోక్తి కాదు. తరువాత ఆ బాలుని ఊరికి పది మైళ్ళ దూరమున ఒక రైతు దంపతుల ఇంట ఉంచిరి. బాలునికి లెక్కించుట యనిన వ్యసనము. ఆ రైతు దానిని మాన్పింప బూనక, మొక్కజొన్న సాళ్ళను దున్నుచు లెక్కపెట్టుమనెను. బావి లోతు కొలువుమనెను. కానర్ 1945లో వచ్చి చూచి ఆశ్చర్యపడెను. వేరుశనగ సాళ్ళ మధ్య పెరిగిన మన బాగేపల్లి రైతునకు ఆ అమెరికా రైతు చేసిన పనిలోని తెలివి ఏమో ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. డోనాల్డ్ పెరిగి 1958లో కళాశాల పట్టమును పొంది, తన కుటుంబపు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, కారు నడపి, ఒంటరిగా దేశదేశములు తిరిగి, తన ఊరిలోనే తన ఇంటనే జీవించి 2023లో ఎనుబది తొమ్మిదవ యేట మరణించెను. ఆ కుటుంబమునకు కలిమి గలదన్న మాట నిజమే. అయినను ఊరివారందరు అతని తీరును ఎరిగి, దానిని ఒక వింతగా గాక అతని స్వభావముగా ఎంచిరి. అది ధనమిచ్చి కొనునది కాదు.

అందరికిని ఇట్టి అదృష్టము కలుగలేదు. అనేక సంవత్సరములు పాశ్చాత్య వైద్యులు ఈ స్థితికి తల్లి ప్రేమలేమి కారణమని నిందించిరి. చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ అను పండితుడు 1967లో వ్రాసిన గ్రంథముతో ఈ నింద మరింత వ్యాపించెను. మన వారు కడుపుతోనుండగా గ్రహణము చూచినదనియు, దిష్టి తగిలినదనియు, ఇప్పుడు ఫోను చూపి చెరచినదనియు తల్లినే అందురు గదా! విద్యావంతులైన దేశములవారు చేసినదియు అంతకంటె మేలైనది కాదు. ఈ నిందను త్రోసివేసినవారు కూడ తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, తాను ఆటిజం గల కుమారుని తండ్రియై, ఇది శరీర సంబంధమైనదని 1964లో గ్రంథము వ్రాసి, మరుసటి యేడు ఇతర తల్లిదండ్రులతో కలసి అమెరికాలో జాతీయ సంఘమును స్థాపించెను. లండనులో అంతకు ముందే, 1962లో, తల్లిదండ్రుల సంఘమొకటి వెలసెను. దాని స్థాపకులలో ఒకరైన లోర్నా వింగ్ మానసిక వైద్యురాలు. ఆటిజం గల కుమార్తెకు తల్లి.

మన దేశమునకు వత్తము. బెంగుళూరి మానసిక వైద్యశాలకు తోడుగా 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడెను. రెండును కలసి 1974లో నిమ్హాన్స్ అయినవి. మన తాలూకాలవారు మొదటినుండి నేటివరకు పెద్ద పరీక్షకు పోవునది అచ్చటికే. సికింద్రాబాదులో 1984లో బుద్ధిమాంద్యము గలవారికై జాతీయ సంస్థ నెలకొల్పబడినది. నేడు దాని పేరు మారినది గాని స్థలము మారలేదు. ఆటిజమును కొలుచుటకు సర్కారు అంగీకరించిన నలుబది ప్రశ్నల భారతీయ మాపకము తయారైనది ఆ తెలుగు గడ్డపైననే. ఢిల్లీలో మెర్రీ బరువా అను తల్లి 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం అను సంస్థను స్థాపించెను. బెంగుళూరున ఆశా అను ఆటిజం పాఠశాలయు, పరివార్ అను తల్లిదండ్రుల సంఘముల జాతీయ సమాఖ్యయు 1995లో వచ్చినవి.

ఆ 1995వ సంవత్సరముననే వికలాంగుల చట్టము వచ్చెను. అందు ఏడు విధముల వైకల్యములను పేర్కొనిరి, ఆటిజం లేదు. గడి లేదు గనుక సర్టిఫికెట్టు లేదు; సర్టిఫికెట్టు లేదు గనుక సహాయము లేదు. తల్లిదండ్రులు ఊరకుండలేదు. 1999లో వచ్చిన జాతీయ న్యాస చట్టము పేరులోనే ఆటిజం చేరినది. 2016 చట్టము ఇరువదియొక్క వైకల్యములలో దానిని చేర్చెను. అది 2017 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చెను. నిర్ణీతమైన మేరకు, అనగా నూటికి నలుబది పాళ్ళకు తక్కువ గాకుండ వైకల్యము గలవారికి ఆరు మొదలు పదునెనిమిది యేండ్ల వరకు ఉచిత విద్య వారి హక్కు అయినది.

ఇక మన తాలూకాల సంగతి. చిక్కబళ్ళాపురము బెంగుళూరికి సుమారు అరువది కిలోమీటర్లు, చింతామణి డెబ్బదియైదు, బాగేపల్లి నూరు. పేరుపొందిన సంస్థలు ఆ నగరముననే యున్నవి. మాటలు నేర్పు శిక్షణ ఒకనాటితో ముగియునది కాదు. వారమునకు రెండు మూడు మారులు, నెలల తరబడి, సంవత్సరముల తరబడి సాగవలెను. బాగేపల్లి నుండి పోయివచ్చు తల్లికి ఆ దినము కూలి పోవును, బస్సు చార్జి పోవును. బస్సు చప్పుడుకు బెదరిన బిడ్డతో ఇల్లు చేరునప్పటికి చీకటి పడును. ఆరు మాసములలో పెక్కుమంది మానివేయుటకు కారణము అశ్రద్ధ కాదు.

అట్లని దగ్గర ఏమియు లేదనుకొనరాదు. కోలారు నుండి విడివడి 2007లో మనకు ప్రత్యేక జిల్లా యేర్పడిన పిదప కచ్చేరీలు చేరువైనవి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య పథకము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకును బడులకును వచ్చి పిల్లలను పరీక్షించును; ఎదుగుదల లోపముల పరీక్షయు అందు భాగమే. వికలాంగుల గుర్తింపు కార్డునకు జిల్లా ఆసుపత్రియే ద్వారము. ప్రతి తాలూకాలోను విద్యాశాఖవారి ప్రత్యేక ఉపాధ్యాయులు కలరు; బడికి రాలేని బిడ్డకు ఇంటివద్ద చదువు చెప్పించు ఏర్పాటు వారి ద్వారానే జరుగవలెను. గ్రామ పంచాయతిలో పునర్వసతి కార్యకర్త, తాలూకా పంచాయతిలో అతనిపై మరియొక కార్యకర్త యుందురు. జాతీయ న్యాసమువారి నిరామయ బీమా సంవత్సరమునకు లక్ష రూపాయల వరకు వైద్యమునకును శిక్షణకును ఇచ్చును. కార్డు దేశమంతట చెల్లును గాని పింఛను ఏ రాష్ట్రమున నివాసమో ఆ రాష్ట్రమునుండియే రావలెను. హిందూపురమునకును మనకును మధ్య సరిహద్దు దాటి సంబంధములు కలుపుకొనువారు ఇది మరువరాదు.

భాష విషయమున మన వారికి ప్రత్యేకమైన చిక్కు కలదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, శిక్షణశాలలో ఇంగ్లీషు. మా బంధువులలో ఒక ఇల్లాలికి నగరమున ఒకచోట, బిడ్డకు మాట రావలెనన్న తెలుగు మానివేసి ఇంగ్లీషులోనే మాటలాడుమని చెప్పిరి. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు నాలుగు మాటలు. నాటినుండి ఆ యింట తల్లి పాట ఆగిపోయెను. బామ్మ కథ చెప్పుట మానివేసెను. ముసలివారు బిడ్డ ఎదుట నోరు మెదపుటకే వెరచిరి. అనేక దేశములలో జరిగిన పరిశీలనలలో రెండు భాషలు వినుట వలన ఆటిజం గల బిడ్డల మాట వెనుకబడినట్లు కనబడలేదు. తల్లికి రాని భాషలో తల్లి మాటలాడవలెననుట నాకు న్యాయముగా తోచదు. తెలుగే ఇంటి మాటయని, శిక్షణ ఆ మాటలోనే కావలెనని అడుగుటకు జంకవలదు. 2022లో నిమ్హాన్స్ ఆధ్వర్యమున మొదలైన టెలిమానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులో కూడ బదులు పలుకును. అది ముఖ్యముగా మనోవేదనలో నున్నవారికి, అనగా అలసిన తల్లికిని తండ్రికిని గూడ, పనికివచ్చును.

ఇంతవరకు బిడ్డలను గూర్చియే చెప్పితిని. ఆటిజం గల బిడ్డ ఆటిజం గల పెద్దవాడగును. ఈ చిన్న సత్యమును సర్కారును, బంధువులును కూడ మరచుచున్నారు. ముప్పదియేండ్లవాడు ఇంటిలో కూర్చుండియుండును. ఒకే క్రమమున జరుగు పని వారిలో పెక్కుమందికి నచ్చును. పట్టుగూళ్ళను ఏరుట, పూలను తూచి కట్టుట వంటి పనులు మన శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో కొదువ లేదు. మొక్కజొన్న సాళ్ళను లెక్కింపజేసిన రైతు వంటివాడొకడు కావలెను, అంతే. తమ మాట తాము చెప్పగలవారు ఉన్నప్పుడు వారినే అడిగి చేయవలెను. తల్లిదండ్రులమైనను మనము వారి నోరు కాము.

తల్లిదండ్రుల తరువాత ఎవరు? ఈ ప్రశ్నతో నిద్రలేని ముసలివారు మన మూడు తాలూకాలలోను కలరు. 1999 చట్టము దీనికొక మార్గము చూపినది. జిల్లాకొక స్థానిక సమితి యుండును. దానికి మన జిల్లాధికారియే పెద్ద. పదునెనిమిది యేండ్లు నిండినవారికి సంరక్షకుని ఈ సమితియే నియమించును. తల్లిదండ్రులు గాని, బంధువులు గాని, నమోదైన సంస్థ గాని అర్జీ పెట్టవచ్చును. ఆ సమితిలో జిల్లాధికారితో పాటు వైకల్యము గల వ్యక్తి ఒకరును, జాతీయ న్యాసమున నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరును కూర్చుండవలెను. తల్లిదండ్రుల సంఘము నమోదైనచో ఆ కుర్చీకి అర్హమే. లండనులోను, ఢిల్లీలోను సంఘములు పుట్టిన పిదపనే చట్టములు వచ్చినవి. మనకు చట్టము ముందే వచ్చి, కుర్చీ వేసి కూర్చున్నది.

సంఘమనగా మేడలు కట్టనక్కరలేదు. మన తెలుగు సంఘపు హాలు నెలకొక ఆదివారము ఉదయమున ఖాళీగానే యుండును. మైకు పెట్టకుండ, పంఖా చప్పుడు తగ్గించి, చాపలు పరచి, ఏడెనిమిది కుటుంబములు కూర్చుండిన చాలును. ఎవరికి ఏ డాక్టరు ఓపికతో చూచిరో, ఏ కాగితము ఏ బల్లవద్ద ఆగినదో ఒకరికొకరు చెప్పుకొందురు. అర్జీలు వ్రాయుటకు నా వంటి పాత గుమాస్తాలు ముగ్గురు నలుగురు మన సంఘమున ఇంకను ఉన్నారు.

అర్జీ వ్రాయువారు ఒక సంగతి గమనింపవలెను. సంరక్షకుడుగా నియమితుడైనవాడు ఆరు మాసములలోపల ఆ వ్యక్తి ఆస్తిపాస్తుల, రావలసిన బాకీల, తీర్చవలసిన అప్పుల జాబితాను నియమించిన అధికారికి దాఖలు చేయవలెను. ఆపై ప్రతి ఆర్థిక సంవత్సరము ముగిసిన మూడు మాసములలో లెక్క చూపవలెను. కావున భూమి గల తల్లిదండ్రులు పహణీలో పేర్లు సరిగా నున్నవో లేవో తాము జీవించియుండగానే చూచుకొని, నకలు తీసి పెట్టుకొనుట మంచిది.