పల్లె పరపతి సంఘముల పుట్టుక



నేటి నా ప్రసంగమునకు విషయము పల్లె పరపతి సంఘము. ఈ పేరు మీకు క్రొత్తది కాదు. పంట ఋణముకొరకో, ఎరువుల బస్తాలకొరకో మీలో పలువురు దాని గడప త్రొక్కియే యుందురు. అయినను ఆ సంఘము మొదట ఏ దేశమున పుట్టినది, ఏ యాపద దానిని పుట్టించినది అను సంగతులు చెప్పువారు తక్కువ. పుట్టుక తెలియనిచో స్వభావము తెలియదు. స్వభావము తెలియనిచో అది కొన్ని యూళ్లలో ఏల నిలిచినదో, కొన్ని యూళ్లలో పేరునకు మాత్రమే ఏల మిగిలినదో బోధపడదు. కావున ఆ కథను మొదటినుండి మనవి చేసెదను.

జర్మనీ దేశమున రైను నదికి తూర్పున వెస్టర్‌వాల్డ్ అను కొండసీమ గలదు. అక్కడ చలి యెక్కువ, కమతములు చిన్నవి. 19వ శతాబ్దపు నడిమి కాలమున ఆ సీమ రైతునకు భూమి యుండెను గాని చేతిలో పెట్టుబడి లేకుండెను. పట్టణములలోని బ్యాంకులు వర్తకులను ఎరుగును. రెండు చెక్కల పొలము గల రైతును ఎరుగవు. విత్తనములు కావలసినను, పశువు కావలసినను వడ్డీవ్యాపారియే దిక్కు. వ్యాపారి ఆవును తెచ్చి రైతు కొట్టమున కట్టును. మేపు రైతుది, చాకిరి రైతుది. దూడలో పాలు వ్యాపారిది, ఆవు మాత్రము ఎన్నటికిని వ్యాపారిదే. గింజలు నాగుకు తెచ్చి, కోతల నాడు ఒకటికి ఒకటిన్నర కొలిచి, మరల సంక్రాంతి దాటగనే నాగుకు పోయిన తాతల మాట విన్నవారికి ఈ బాధ విప్పి చెప్పనక్కరలేదు.

1845లో ఆ సీమలోని వైయర్‌బుష్ అను గ్రామమునకు ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ రైఫైజన్ అను నతడు అధికారిగా వచ్చెను. అప్పటికి అతడు యువకుడే. కొలువు సైన్యమున నుండగా కంటిజబ్బు వచ్చి, ఆ యుద్యోగము విడిచి ఈ యుద్యోగమున చేరినవాడు. మన పాతకాలపు మునసబు పని, కరణము పని కొంత కలిసినట్టిది ఆ పదవి. చుట్టుపట్ల పల్లెలు కొన్ని దాని క్రింద నుండెను. మరుసటి సంవత్సరమే పంటలు పోయెను. 1846–47 చలికాలమున ఇంటింట ఆకలి ప్రవేశించెను. ప్రభుత్వము ధాన్యము పంపెను గాని రొక్కము చెల్లించినవారికే ఇయ్యవలెనని యాజ్ఞాపించెను. రొక్కమున్నచో ఆకలి యేల? రైఫైజన్ ఆ యాజ్ఞను అక్షరముగా పాటింపలేదు. ఊరిలో కలిగినవారిని కూర్చి, వారిచేత సొమ్ము వేయించి, గింజలు కొని, ఊరి యుమ్మడి పొయ్యిలో రొట్టెలు కాల్పించి, పేదలకు తక్కువ ధరకు అప్పుమీద నిప్పించెను. పంట వచ్చిన పిదప చెల్లింతుమని మాట యిచ్చుటయే జామీను.

ఆకలి తీరెను గాని అప్పు తీరలేదు. 1848లో అతనిని ఫ్లామర్స్‌ఫెల్డ్ అను చోటికి మార్చిరి. అక్కడ 1849లో సుమారు 60 మంది కలిగిన గృహస్థులను చేర్చి, పేద రైతులకు సాయపడు సంఘమొకటి స్థాపించెను. ఆ యరువది మంది తమ యాస్తులను పూచీ పెట్టి సొమ్ము తెచ్చిరి. సంఘము పశువులు కొని రైతుల కిచ్చెను. రైతులు అయిదేండ్ల వాయిదాలలో చెల్లింపవలెను. ఆవు రైతు సొంతమగుట దీనితో ప్రారంభమాయెను. తరువాత 1854లో, హెడ్డెస్‌డార్ఫ్ అను మరియొక గ్రామమున ధర్మసంఘమొకటి పెట్టెను. అనాథ బాలుర పోషణము, చెర విడిచి వచ్చినవారికి పని చూపుట, రైతులకు అప్పు లిచ్చుట, ఇన్ని కార్యములు అది పైన వేసికొనెను.

ఇచ్చటనే మన కథకు మలుపు గలదు. ఈ సంఘము లన్నిటిలోను ఇచ్చువారు వేరు, పుచ్చుకొనువారు వేరు. మొదటి సంవత్సరము ఇచ్చువారికి ఉత్సాహము, రెండవ సంవత్సరము ఓర్పు, పిదప విసుగు. తనకు రాబడి లేని పనికి తన యిల్లును పొలమును పూచీ పెట్టుమన్నచో ఎంతటి ధర్మాత్ముడైనను ఎన్నాళ్లు పెట్టును? పుచ్చుకొనువానికిని అది పరాయి సొమ్ముగనే తోచును. బాకీ యెగవేసినచో నష్టము దాతది, పొరుగువానిది కాదు. కనుక పొరుగువాడు అడుగడు. సంఘములు క్రమముగా క్షీణించెను. ధర్మబుద్ధిమీదనే పల్లె నిలువగలదని నమ్మిన రైఫైజన్‌కు ఈ సత్యము చేదుగనే యుండెను. అయినను 1864లో హెడ్డెస్‌డార్ఫ్ సంఘమును మార్చి ఋణసంఘముగా స్థాపించినపుడు అతడు క్రొత్త నియమము పెట్టెను: అప్పు కావలసినవాడు మొదట సభ్యుడు కావలెను, సభ్యులందరును సంఘపు బాకీకి తమ సర్వస్వముతో పూచీ పడవలెను. పుచ్చుకొనువాడే యజమాను డాయెను. మనము నేడు పరపతి సంఘ మనుచున్న దానికి ఆయువుపట్టు ఇదియే.

ఈ సంఘము పనిచేయు తీరు వినుడు. మొదటిది, దాని యెల్ల ఒక గ్రామము, లేదా ఒకరినొకరు ఎరిగిన కొన్ని పల్లెలు. ఎవని పొలము దున్నబడినది, ఎవడు త్రాగుబోతు, ఎవని మాట నిలుచును అను సంగతి పట్టణపు బ్యాంకు ఎంత వ్యయపడినను తెలిసికొనలేదు. రచ్చబండకు ఊరక తెలియును. రెండవది, అపరిమిత పూచీ. పదిమంది పేదలు విడివిడిగా పోయినచో ఎవ్వరును నమ్మరు. పదిమంది ఒకరికొకరు పూచీ పడినచో నమ్ముదురు. అంతేకాదు, ఒకడు అప్పు దుర్వినియోగము చేసినచో తక్కిన తొమ్మండుగురకు నష్టము గనుక, ఆ తొమ్మండుగురును కనిపెట్టి యుందురు. మూడవది, అప్పు విత్తనమునకో, పశువునకో, పనిముట్టునకో యిత్తురు. విందులకు, వ్యాజ్యములకు ఇయ్యరు. నాలుగవది, సంఘపు పెద్దలకు జీతము లేదు. లెక్కలు వ్రాయు గుమాస్తాకు మాత్రమే ప్రతిఫలము. అయిదవది, లాభము పంచుకొనరు. అది చీలదీయరాని ఉమ్మడి నిధిగా పెరుగుచుండును. ఒక తరము కూడబెట్టినది మరుతరమునకు పెట్టుబడి యగును. ఆపై సంఘములు అప్పులతో నాగక, ఎరువులు, విత్తనములు, యంత్రములు మొత్తముగా కొని సభ్యులకు సరసమైన ధరకు పంచుటయు నేర్చినవి. ఒంటరి రైతు బేరమాడలేని చోట సంఘము బేరమాడెను.

రైఫైజన్ చూపు నానాటికి మందగించెను. 1865లో ఉద్యోగము విడిచెను. 1866లో తన యనుభవమును గ్రంథముగా ప్రకటించెను. చదువను వ్రాయను కన్నులు చాలని ఆ వృద్ధునకు కుమార్తె అమాలియా చేయియే లేఖిని యాయెను. అతడు 1888లో మరణించునాటికి అట్టి సంఘములు నాలుగు వందలకు పైగా ఏర్పడి యుండెను. పిదప అవి అనేక దేశములకు వ్యాపించెను.

అది మన దేశమునకు వచ్చిన మార్గము చెన్నపట్టణము మీదుగా. 1875లో దక్కనులోని పూనా, అహ్మద్‌నగరు జిల్లాలలో రైతులు సాహుకార్ల యిండ్లపై పడి ప్రోనోట్లను, దస్తావేజులను తగులబెట్టిరి. రైతు ఋణము రాజ్యమునకే అపాయమని దొరలకు అప్పుడు తోచెను. 1892లో చెన్నరాజధాని ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిలు ఉద్యోగిని ఈ విషయమును విచారింప నియమించెను. ఆయన ఐరోపా సంఘముల విధానములను పరిశీలించెను. మన దేశపు పద్ధతులను తృణీకరింపలేదు. చెన్నపట్టణపు నిధులను కూడ శ్రద్ధగా చూచెను. 1872లోనే మైలాపూరులో హిందూ పర్మనెంటు ఫండు ఏర్పడి యుండెను. చీటీపాటలు మన పల్లెలు ఎరుగనివి కావు. పదిమంది సొమ్ము కూడబెట్టి వంతులవారీగా వాడుకొనుట మనకు పరాయి విద్య కాదని ఇందువలన తెలియుచున్నది. నికల్సన్ నివేదిక రెండు సంపుటములుగా 1895, 1897 సంవత్సరములలో వెలువడెను. ప్రతి పల్లెలోను రైఫైజన్ వంటి మనుష్యుని వెదకుడనుట ఆ పెద్ద గ్రంథమంతటికిని సారము. డబ్బును వెదకుట రెండవ పని.

1904లో భారత ప్రభుత్వము సహకార పరపతి సంఘముల చట్టము చేసెను. పదిమంది కూడినచో సంఘము పెట్టవచ్చును. పల్లె సంఘములకు అపరిమిత పూచీయే సాధారణ నియమము. ఆ చట్టము క్రింద దేశమున మొట్టమొదట ఏర్పడిన వానిలో చెంగల్పట్టు జిల్లా తిరూరు సంఘ మొకటి. 1912 చట్టము వలన అప్పు లిచ్చుటకే గాక కొనుటకును, అమ్ముటకును సంఘములు పెట్టుకొను వీలు కలిగెను. తెలుగువారిలో వేమవరపు రామదాసు పంతులుగారు చెన్నరాజధాని సహకారోద్యమమునకు పేరుపొందిన నాయకులై, రాష్ట్ర సహకార బ్యాంకునకు అధ్యక్షులైరి.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యొక భేదమును పెద్దలు గమనింపవలెను. జర్మనీలో మొదట ఆపద వచ్చెను, పిదప సంఘము పుట్టెను, ఆ పిదప చట్టము వచ్చెను. మనకు మొదట చట్టము వచ్చెను, పిదప రిజిస్ట్రారు వచ్చెను, ఆ పిదప సంఘము వచ్చెను. రైఫైజన్ పదునెనిమిది యేండ్లు తడవి తడవి తెలిసికొన్న నియమములు మనకు అచ్చుకాగితముపై లభించెను. నియమము వచ్చినది గాని, ఆ నియమము ఏల యను అనుభవము దానితో రాలేదు. అందుచేత అనేక గ్రామములలో జనులు దానిని తమ సంఘమని పిలువక సర్కారు బ్యాంకని పిలిచిరి. 1929 తరువాత ధరలు పడిపోయినపుడు బాకీలు పేరుకొనెను. 1951–52లో దేశమంతట జరిపిన పరిశీలనలో, రైతులు తెచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో సహకార సంఘములు ఇచ్చినది 3 రూపాయల చిల్లర మాత్రమే. సుమారు 70 రూపాయలు వడ్డీవ్యాపారులే యిచ్చిరి. 1954లో ఈ లెక్కలు వెలువడిన పిదప ప్రభుత్వమే సంఘములలో వాటాదారు కావలెనని తలచిరి. ధనము పెరిగెను, అప్పులు పెరిగెను. ఎందరో రైతులకు ఎరువులు, విత్తనములు అందెను. అది మేలు కాదని నే ననను. కాని ధనముతోపాటు పెత్తనమును వచ్చెను. ప్రభుత్వము ముందు నిలిచి యిచ్చునపుడు సభ్యుడు మరల పుచ్చుకొనువాడు మాత్రమే యాయెను. హెడ్డెస్‌డార్ఫ్ ధర్మసంఘము నాటి స్థితి వేరు రూపమున తిరిగి వచ్చినదని నా యభిప్రాయము.

దీనికి భిన్నమైన యుదాహరణము మన యింటనే కలదు. నాటి కరీంనగరు జిల్లాలోని ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారి పూనికతో సహకార గ్రామీణ బ్యాంకు స్థాపింపబడెను. అది అప్పు లిచ్చుటతో ఆగక, సభ్యులకు కావలసిన వస్తువులు తెచ్చి యిచ్చుట, వారి పంటను మరపట్టించి అమ్మిపెట్టుట అను వ్యాపారములను చేపట్టెను. అప్పు తీసికొన్నవాని పంట సంఘము ద్వారానే అమ్ముడగును గనుక బాకీ చెల్లుట సులభము. సంఘము మంచి ధర తెచ్చును గనుక రైతు అచ్చటనే అమ్ముట సహజము. ఇట్టి సంఘముల స్వాతంత్ర్యమునకై 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము చేసెను. ఈ చట్టము క్రింది సంఘము ప్రభుత్వమునుండి వాటాధనము పుచ్చుకొనరాదు. తన యెన్నికలు తానే జరుపుకొనవలెను. 1864లో ఒక జర్మనీ పల్లెలో కనుగొన్న నియమమే ఇది.

పెద్దలారా, సంఘము సర్వరోగ నివారిణి యని నేను చెప్పను. వరుసగా రెండేండ్లు వాన లేనిచో ఎంతటి నీతిమంతుడును వాయిదా తప్పును. అట్టి రైతును ఆదుకొనుట ప్రభుత్వ ధర్మము. కాని కరవు లేని యేటను బాకీ చెల్లింపనివాడు దోచుచున్నది సర్కారును కాదు, తన పొరుగువానిని. ఈ మాట ఊరిలో చెప్పగలవారు మీరే. అధికారి చెప్పినచో అది నోటీసు. మీరు చెప్పినచో అది ఊరి కట్టుబాటు.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు తప్పక పొండు. లెక్కలు చదివించి వినుడు. ఎవరికి ఎంత అప్పు, ఏ పనికి ఇచ్చిరి, నిధిలో ఎంత నిలువయున్నది అని యడుగుడు. అడుగుటకు మీకు హక్కు గలదు, ఏలయన అది మీ సొమ్ము, మీ పూచీ.