విద్యావ్యయము – వృత్తినిర్ణయము
(ఆంధ్రదేశ చరిత్రనుండి మూడు నిదర్శనములు)

విద్య తరుగని ధనమని పెద్దలు చెప్పుదురు. కాని ఆ ధనమును సంపాదించుటకు ముందు మరియొక ధనము కావలెనను సంగతి బీదకుటుంబములకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. బిడ్డను చదివింపవలెనా, మాన్పింపవలెనా? చదివించినచో ఎంతవరకు? అందులకు తాకట్టు పెట్టవలసినది పొలమా, నగయా? చదువు ముగిసిన పిదప ఆ బిడ్డ తనకు నచ్చిన పని చేయవచ్చునా, లేక అప్పు తీర్చు పనియే చేయవలెనా? ఈ ప్రశ్నలు నేడు క్రొత్తగా పుట్టినవి కావు. ఆంధ్రదేశమున ఇంగ్లీషు చదువు ప్రవేశించిన నాటినుండియు ఇవి ఇంటింటను ఉన్నవి.

అంతకు పూర్వము వీథిబడులలో చదువునకైన వ్యయము గ్రామములోనే ముగియుచుండెను. పంతులుగారికి ధాన్యమో, కొద్దిపాటి రొక్కమో ముట్టుచుండెను. దసరా పండుగలలో పిల్లలను వెంటబెట్టుకొని ఆయన ఇంటింటికి వచ్చినపుడు గృహస్థులు ఆయనకు కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చుచుండిరి. 1857వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడెను. ప్రవేశపరీక్ష, ఎఫ్.ఏ., బి.ఏ. అను మెట్లు వచ్చినవి. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పట్టణము చేరవలసి వచ్చెను. జీతము, పుస్తకములు, పరీక్షరుసుము, అన్నిటికంటె మించి పట్టణములో రెండుపూటల భోజనము, ఇవి క్రొత్త ఖర్చులు. ఇంగ్లీషు చదివినవానికి సర్కారు ఉద్యోగమో, వకీలు వృత్తియో లభించుననెడి ఆశ ఈ ఖర్చును భరింపజేసెను. తల్లి మెడలోని బంగారము, తండ్రి చేతిక్రింది మడిచెక్క, ఒక్కొక్కచోట కాబోవు మామగారిచ్చు కట్నము, ఇవి ఆనాటి విద్యానిధులు.

ఏమియు లేనివారికి వారములు గతియయ్యెను. విద్యార్థి ఏడు గృహములను కుదుర్చుకొని దినమున కొక యింట భుజించుచు చదువుకొనెడి ఆచారమది. దానికి పత్రము లేదు, వడ్డి లేదు. అయితే అది అధికముగా బ్రాహ్మణ బాలురకే అందుబాటులో ఉండెనన్న సత్యమును మరువరాదు. ఇతరులకు వసతిగృహములు ఏర్పడుటకు చాలకాలము పట్టెను. హైదరాబాదులో రెడ్డి హాస్టలు స్థాపింపబడినది 1918లో.

ఈ పరిస్థితులలో చదివి పైకివచ్చిన మువ్వురు ప్రసిద్ధులు చదువును, వృత్తిని ఎట్లు తూచుకొనిరో చూతము. మువ్వురును బాల్యముననే తండ్రిని కోల్పోయినవారు.

మొదటివారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా పెదతండ్రి పెంచెను. చదువుకొన్న యువకునకు ఆనాడు తెరచియున్న ద్వారములు ముఖ్యముగా రెండు. మొదటిది ప్రభుత్వోద్యోగము. లంచమియ్యక అది దొరకదని తెలిసి పంతులుగారు దానిని వదలుకొనిరి. రెండవది న్యాయవాదవృత్తి. అందు అసత్యమాడక తప్పదని తలచి దానిని కూడ విడిచిరి. చివరకు తక్కువ రాబడిగల ఉపాధ్యాయవృత్తిని కైకొని 1872లో కోరంగి పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైరి. 1874లో ధవళేశ్వరమునకు వచ్చి ఆ సంవత్సరముననే ‘వివేకవర్ధని’ పత్రికను, బాలికల పాఠశాలను ప్రారంభించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతువివాహమును జరిపించిరి. పెద్ద ఉద్యోగమునకై ప్రాకులాడియుండినచో ఆ ఉద్యోగము ఆయనకు ఈ పనులు చేయు స్వేచ్ఛనిచ్చెడిదని చెప్పజాలము.

రెండవవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో పుట్టిరి. 1875లో తండ్రి మరణించిన పిమ్మట విజయనగరము మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషను ప్యాసైరి. గురజాడ అప్పారావుగారు ఆయనకు అచట సహాధ్యాయి. పైచదువునకు పోవుటకు తెలివి ఉన్నది, ధనము లేదు. ఆయన అప్పు చేయలేదు, చదువు మానలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరి, కుటుంబమును పోషించుకొనుచు, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షయందును, తరువాత బి.ఏ. పరీక్షయందును ఉత్తీర్ణులైరి. నేరుగా కళాశాలకు పోయినవారు నాలుగేండ్లలో ముగించు చదువు ఆయనకు పదేండ్లకు మించి పట్టెను. కాని ఆ ఆలస్యము వృథా కాలేదు. ఆ కొండప్రాంతముననే ఉండుటచేత సవరల భాష ఆయన చెవిని బడెను. ఆ భాషను నేర్చి, సొంతఖర్చుతో సవరపిల్లలకు బడులు పెట్టి, తుదకు సవరభాషకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చిరి.

మూడవవారు టంగుటూరి ప్రకాశము పంతులుగారు. ఈ మువ్వురిలో చదువునకై అధికముగా ధనకష్టము పడినవారు వీరే. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. పదునొకండేండ్ల వయసున తండ్రి పోగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించిరి. ఆ వృత్తిని ఆనాడు లోకము చిన్నచూపు చూచుచుండెను. ఒక పరీక్షకు మూడు రూపాయల రుసుము కట్టవలసి వచ్చినపుడు బాలుడు ఆ ధనమునకై చాలదూరము నడచి బంధువుల యింటికి పోయి వట్టిచేతులతో మరలివచ్చెను. తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చి ఇచ్చెను. ఒంగోలులో గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని తమతో రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించి, మద్రాసులో న్యాయశాస్త్ర విద్యకు కూడ తోడ్పడిరి.

ప్రకాశముగారు వకీలై రాజమహేంద్రవరమున బాగుగ ఆర్జించిరి, పురపాలక సంఘాధ్యక్షులును అయిరి. అంతటితో తృప్తిపడక 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగివచ్చి, మద్రాసు హైకోర్టులో విశేషధనము గడించిరి. అంత శ్రమపడి సాధించిన వృత్తిని 1921లో సహాయనిరాకరణోద్యమ సందర్భమున త్యజించి ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి, గడించినదంతయు దేశసేవకే వ్యయపరచిరి. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైరి. 1957లో మరణించునాటికి ఆయనకు ఆస్తి మిగులలేదు.

ఈ మూడు చరిత్రలనుండి గ్రహింపదగినది ఒకటి కలదు. పెద్ద జీతమునకు ఆశపడకపోవుటచే వీరేశలింగముగారును, అప్పు చేయకపోవుటచే రామమూర్తిగారును తమకు నచ్చిన పనిని ఎన్నుకొనగలిగిరి. ప్రకాశముగారి సంగతి వేరు. ఆయన చదువునకు ఋణదాతలు లేకపోలేదు. తల్లియు, గురువును ఋణదాతలే. కాని వారు వడ్డి కట్టలేదు, గడువు పెట్టలేదు. కనుకనే ఆయన ఆ ఋణమును కుటుంబమునకు బదులు దేశమునకు చెల్లింపగలిగిరి. అయితే ఈ ఘనతకు మరియొక వైపు కూడ ఉన్నది. పట్టుచీరను తాకట్టు పెట్టిన ఆ తల్లివంటివారు ఎందరో తమ బిడ్డల చదువునకు మూలధనమైరిగాని, చదువుకొనెడి అవకాశము వారికి రాలేదు. ఇంటిలో చదువుఖర్చును తూచినపుడెల్ల ఆడపిల్లపాలు తగ్గించుట చిరకాలపు అలవాటు. అది పూర్తిగా పోయినదని నేటికిని చెప్పలేము.

నేడు పట్టుచీర స్థానమున బ్యాంకు వచ్చినది. 2001వ సంవత్సరమున భారతీయ బ్యాంకుల సంఘము ఆదర్శ విద్యాఋణ పథకమును రూపొందించెను. నాలుగు లక్షల వరకు ఆస్తిహామీ లేకుండ ఋణమిచ్చుట అందలి ముఖ్యాంశము. దానివలన ఎందరో బీదవిద్యార్థులకు పైచదువుల తలుపులు తెరచుకొనెను. 2008 ప్రాంతమున ఆంధ్రప్రదేశములో ప్రారంభమైన బోధనరుసుముల చెల్లింపు పథకము మరికొందరికి అప్పు అవసరమే లేకుండ జేసెను. ఇవి వారములకంటె విశాలమైన సహాయములు, కులమును బట్టి మూసికొను తలుపులు కావు. కాని బ్యాంకుఋణమునకు తల్లిదండ్రులు కూడ సంతకము చేయవలెను. చదువుకాలమున వాయిదాలు కట్టనక్కరలేకున్నను, ప్రభుత్వపు రాయితీ పొందినవారికి తప్ప, వడ్డి నడచుచునే యుండును. విదేశవిద్యకై పొలమును హామీ పెట్టిన ఇంటి బిడ్డ పట్టాపుచ్చుకొన్న మరునాడే ఏ ఉద్యోగము తనకు ఇష్టమని గాక, ఏ ఉద్యోగము వాయిదాకు చాలునని ఆలోచింపవలసి వచ్చుచున్నది. ఉపాధ్యాయుడు కాదలచినవాడు కాలేకపోవుట, పరిశోధన చేయదలచినది మానుకొనుట, ఇట్టి నష్టములు బ్యాంకు లెక్కలలో కనబడవు.

అప్పు చేయరాదని దీని భావము కాదు. మూడు రూపాయలు పుట్టనిచో ప్రకాశము పంతులుగారి చదువు ఒంగోలులోనే ఆగిపోయెడిది. సంతకము చేయుటకు ముందు కుటుంబమంతయు కూర్చుండి, చదువునకు ఎంత, వడ్డికి ఎంత, తీర్చుటకు ఎన్ని ఏండ్లు, ఆ ఏండ్లలో బిడ్డ ఏ పని చేయవలసి వచ్చును అని లెక్కించుట అవసరము. ఆ లెక్కలో కుమార్తెను కుమారునితో సమముగా కూర్చుండబెట్టుటయు అవసరమే. రామమూర్తిగారివలె పని చేయుచు చదువుకొను మార్గము ఆలస్యమైనను అవమానము కాదని పిల్లలకు చెప్పుట అంతకంటె అవసరము.

గ్రంథాలయోద్యమము ఆంధ్రదేశమున ఈ అవసరమునుండియే బలపడెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. పుస్తకము కొనలేనివాడు చదువునకు దూరము కారాదని ఆ పెద్దలు తలచిరి. గ్రామగ్రంథాలయము పట్టాలీయదు, ఉద్యోగమీయదు. కాని వడ్డిలేని విద్య ఇంకను ఒక తావున దొరకుచున్నదని ఊరివారికి గుర్తుచేయుచుండును. ఇరువదియైదేండ్లు ఆ పని చేసిన గ్రంథాలయము మరి ఇరువదియైదేండ్లకు కూడ తలుపులు తెరచియుంచుగాక.