రాజ్యాంగాన్ని మార్చడంలో సామాన్య పౌరుడి చోటెక్కడ?

రాజ్యాంగాన్ని సవరించే అధికారాన్ని 368వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. కొన్ని అంశాలకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా అవసరం. ప్రజలను నేరుగా అడిగే ఏర్పాటు మాత్రం అందులో లేదు. మరి ఓటు వేయడంతోనే పౌరుడి పని అయిపోతుందా? మూడు ఘట్టాలు చూద్దాం.

1951: మొదటి సవరణ

విద్యాసంస్థల్లో సామాజిక వర్గాలవారీగా సీట్లు కేటాయించిన మద్రాసు కమ్యూనల్ జీవోను హైకోర్టు, ఆ తర్వాత 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. పెరియార్ అనుచరులు, వెనుకబడిన కులాల ప్రజలు వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది జూన్‌లో 15(4) క్లాజు రాజ్యాంగంలో చేరింది. కాలేజీ సీట్లలో రిజర్వేషన్లకు పునాది అదే.

1985: కారంచేడు

అంటరానితనాన్ని 17వ అధికరణ 1950లోనే నిషేధించినా, ఊళ్లలో దాడులు ఆగలేదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆధిపత్య కులం వాళ్లు ఆరుగురు మాదిగలను చంపారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల శిబిరం నుంచి పోరాడారు. అందులోంచే దళిత మహాసభ పుట్టింది. దేశమంతటా సాగిన ఇలాంటి పోరాటాల ఒత్తిడితో 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

2018: సెక్షన్ 18ఏ

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఆ చట్టానికి కళ్లెం వేసింది. ప్రాథమిక విచారణ జరపవచ్చని, అరెస్టుకు ముందస్తు అనుమతి ఉండాలని ఆదేశించింది. ఏప్రిల్ 2న దళిత, ఆదివాసీ సంఘాలు భారత్ బంద్ పాటించాయి. ఆ రోజు ఉత్తరాది రాష్ట్రాల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. కేంద్రం అదే రోజు పునఃసమీక్ష పిటిషన్ వేసింది. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ, అరెస్టుకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఏ చెల్లుతుందని తీర్పిచ్చింది. అయితే ప్రాథమిక ఆధారాలు లేని కేసుల్లో ముందస్తు బెయిల్‌కు వీలుంచింది.

ఇక్కడ రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. కానీ 17వ అధికరణ కాగితంమీదే మిగిలిపోకుండా కాపాడింది వీధిలో నిలబడ్డ జనమే.

గెలిచినదాన్ని నిలబెట్టుకోవడం

చట్టం వచ్చాక పని స్టేషన్ గుమ్మం దగ్గర మొదలవుతుంది. "ముందు విచారణ చేస్తాం, తర్వాత కేసు చూద్దాం" అని పోలీసులంటే 18ఏ చూపించాలి. విధిని కావాలనే నిర్లక్ష్యం చేసే అధికారికి 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. మీ జిల్లాలో చివరి సమావేశం ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు కింద అడగండి. అర్జీ పెట్టడం కూడా రాజ్యాంగాన్ని అమలు చేయించడమే.