ముడుపు కట్టిన యాత్ర



యాత్ర యనగానే మనకు దైవము జ్ఞప్తికి వచ్చును, దారి జ్ఞప్తికి వచ్చును. ధనము మాత్రము కడపట జ్ఞప్తికి వచ్చును. మన పూర్వుల పద్ధతి యిట్టిది కాదు. వారు ముందు సొమ్ము సమకూర్చుకొని, పిదప దినము నిర్ణయించుకొని, ఆ పిదపనే పయనమగుచుండిరి. అప్పుసొమ్ముతో చేసిన యాత్ర యాత్ర గాదని వారు తలంచుచుండిరి. ఈ నియమమును వారెట్లు నిలుపుకొనిరో, కాలక్రమమున నది యేల సడలెనో, దానిని మరల నెట్లు కుదుర్చుకొనవచ్చునో కొంచెము విచారింతము.

ముడుపన నేమి? పసుపు పూసిన గుడ్డలో కాసును గట్టి, మ్రొక్కిన దైవము పేరు చెప్పి, దేవునిగూటిలో నుంచుటయే. దీనిని మ్రొక్కు మాత్రమే యని పలువురు తలంతురు. లెక్కలు చెప్పుకొని బ్రతికిన నావంటివానికి దీనియందు మరియొక యర్థము గూడ గానవచ్చును. పేరు లేని సొమ్ము ఎవరు పిలిచినను పోవును. పెట్టెలోని రూపాయి ఎద్దు కుంటుపడినను పోవును, చుట్టము వచ్చినను పోవును. గూటిలోని రూపాయి వేంకటేశ్వరునిది. దాని ముడి విప్పుటకు చేయి యాడదు. బ్యాంకులు లేని పల్లెలో నింతకంటె గట్టి తాళము లేకుండెను. ఆ స్వామియే కుబేరునియొద్ద నప్పుచేసి పెండ్లాడెననియు, నేటికిని వడ్డి చెల్లించుచున్నాడనియు కథ గలదు గదా! అప్పు బాధ యెరిగిన దేవుడు గనుకనే కాబోలు, మనలను ముడుపుతో రమ్మన్నాడు.

ఇక ఋతువు మాట. పల్లెలో సొమ్ము చేతికి వచ్చు కాలము వేరు, యాత్ర వచ్చు కాలము వేరు. కోతలు ముగిసి ధాన్యమమ్మిన పిమ్మట, సంక్రాంతి మొదలు ఉగాదివరకు, చేతిలో నాలుగు రాళ్లు నిలుచును. కావున శివరాత్రికి శ్రీశైలమో కోటప్పకొండయో పోవుట కష్టము గాదు. గోదావరి పుష్కరము సంగతి యట్లుగాదు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు అది వచ్చును. 2003లో జూలై 30 నాడు, 2015లో జూలై 14 నాడు మొదలయ్యెను. అది యెట్టి సమయము? నారుమళ్లు, నాట్లు, ఎరువులు, కూలి—ఉన్న సొమ్మంతయు మడిలోనికి బోవు సమయము. మాఘమాసమున దాచుకొననివాడు తొలకరివేళ వడ్డివ్యాపారి గడప త్రొక్కక తప్పదు.

ఐనను పుష్కరమునం దొక సుగుణము గలదు. అది చెప్పకుండ వచ్చిన చుట్టము గాదు. 12 సంవత్సరముల ముందే తెలిసిన ఖర్చు. రూపాయికి 16 అణాలున్న నాటి లెక్క చూతము. వారమున కొక్క అణా దాచినచో ఏడాదికి 52 అణాలు, అనగా 3 రూపాయల 4 అణాలు. 12 ఏండ్లకు 39 రూపాయలు. ఒక్కసారిగా 39 రూపాయలు తెమ్మన్నచో పేదయిల్లు తల్లడిల్లిపోవును. వారమున కొక అణా యన్నచో నొప్పి తెలియదు.

దూరయాత్రల లెక్క యింకను చిక్కైనది. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత యూరకే పుట్టలేదు. చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన రమారమి నూర్గురు పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయను, కలకత్తాను, జగన్నాథమును జూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము! ప్రతి మజిలీని, అచ్చట దొరకు వస్తువులను, దారి మంచిచెడ్డలను వ్రాసి మిత్రుడైన కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. ఆ వ్రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా, వారు గతించిన పిదప, 1838లో అచ్చుపడెను. వెనుక వచ్చు బాటసారి తన యాత్రను ముందుగానే అంచనా కట్టుకొనుట కది యెంతయో యుపకరించు గ్రంథము.

ఆ కాలపు బాటసారి యంచనాలో బత్తెము, బోయీల కూలి మాత్రమేగాక మరికొన్ని పద్దులుండెను. ఒక సీమ రూపాయి మరియొక సీమలో పూర్తి విలువకు చెల్లకుండెను. మార్చినచోటనెల్ల సరాబునకు వట్టమీయవలసి వచ్చెను. కుంఫిణీవారు దేశమంతటికి నొక్కటే రూపాయిని 1835లో నేర్పరచిరి. ప్రయాగ, గయ, జగన్నాథములయందు యాత్రికులపై పన్నుండెను. అది 1840లో రద్దయ్యెను. మధ్యదేశపు దారులలో థగ్గుల భయముండెను. కావున తెలివిగలవారు వెండిని మూటగట్టుకొనక, సాహుకార్ల హుండీలను కొనిపోవుచుండిరి. తిరిగివచ్చిన పిదప గంగను పంచి, ఊరివారికి సమారాధన చేయుట యింకొక ఖర్చు. దీనిని మరచినవాడు యాత్రయంతయు చక్కగా నడపి యింటిగుమ్మముకడ నప్పులపాలగుచుండెను.

ఒకే రూపాయి వచ్చిన పిదపను నైజాము తెలుగువారికి వట్టము తప్పలేదు. వారి హాలీ రూపాయలు 7 ఇచ్చినగాని కల్దారు రూపాయలు 6 వచ్చెడివి కావు. వరంగల్లు రైతు 70 రూపాయలు ముడుపు గట్టినచో బెజవాడలో నది 60 రూపాయలే. ఈ భేదము నెరిగి ముందుగానే మరి పది చేర్చుకొన్నవాడే గట్టి యెవుసాయదారుడు.

అంతట రైలు వచ్చెను. బెజవాడ కడ కృష్ణపై వంతెన 1893లోను, రాజమహేంద్రవరము కడ గోదావరిపై వంతెన 1900లోను సిద్ధమయ్యెను. మాసముల ప్రయాణము దినములకు దిగెను. కాలినడకను పోలేని వృద్ధులును, స్త్రీలును, పేదలును కాశి జూచిరి. ఇది చిన్న మేలు గాదు. కాని ప్రయాణము సులభమైన కొలదియు సన్నాహము చులకనయయ్యెను. నడకదారి కాలమున యాత్రకు ముందు రెండేండ్ల ప్రయత్నముండెను. ఆ రెండేండ్లలోనే సొమ్ము కూడెను. రైలు ఆ వ్యవధిని హరించెను. నేడు చేతిలోని ఫోనుతో నిమిషములో టిక్కెట్టు దొరకును. అదే ఫోనుతో నిమిషములో అప్పును దొరకును. నియమము సడలుటకు కారణము భక్తి తగ్గుట గాదు, వేచియుండుట తగ్గుట.

ముడి పోయినను, ముడివేయు స్థలములు పెరిగినవి. తపాలా కచ్చేరీలలో పొదుపు బ్యాంకు 1882లో నేర్పడెను. సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చెను. వీనికంటెను నాకు ముచ్చటగొలుపునది మన తెలుగు స్త్రీలు చేసిన పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై సారాను తరిమిన పల్లె స్త్రీలే, ఆ పిదప పొదుపులక్ష్మి సంఘములుగా గూడి దినమున కొక్క రూపాయి చొప్పున దాచసాగిరి. సారాకు పోవుచుండిన రూపాయికి వారొక పేరు పెట్టిరి. ముడుపు ధర్మమే యది. గుడ్డ మారి పుస్తకమయ్యెను, అంతియే.

కావున పెద్దలకు నా మనవి. 2015నకు 12 చేర్చిన 2027. మరల 12 చేర్చిన 2039. ఈ లెక్కకు పంచాంగమైనను విప్పనక్కరలేదు. వారమునకు 100 రూపాయలు దాచినచో ఏడాదికి 5,200, పండ్రెండేండ్లకు, వడ్డి చేర్చకయే, 62,400 రూపాయలగును. ధాన్యమమ్మిన నాడే యాత్రపేర వేరొక ఖాతాలో వేయుడు. ఆ సొమ్మును నాలుగు పాళ్లుగా నెంచుకొనుడు: పోవుటకొకటి, వచ్చుటకొకటి, మనము లేనపుడు ఇంటికిని గొడ్లకును ఒకటి, రోగమునకో దారిచిక్కునకో ఒకటి. నాలుగు పాళ్లును నిండనిచో ఆ యేటికి దగ్గరి తీర్థముతో తృప్తిపడుడు. కృష్ణయైనను, తుంగభద్రయైనను, ఊరి చెరువైనను నీరు నీరే.

పుష్కరము 12 దినములుండును. దానికొరకు పొలము తాకట్టుపెట్టినచో నది విడిపించుకొనుటకు మరియొక పుష్కరము పట్టవచ్చును. ఆ నడుమ బిడ్డల చదువు, ఆడపిల్ల పెండ్లి కాచియుండవు. యాత్రకు పోవువాడు ఇంటివారికి ప్రసాదమును దేవలెను గాని ప్రోనోటును దేరాదు. మన తాతలు పసుపుగుడ్డలో ముడివేసి మనకిచ్చిన బుద్ధి యిదియే.