సమయశబ్దము – కృష్ణపట్టణ వర్తకులు

మతము సంఘములకు పోటీయందు బల మొసఁగునా? నెల్లూరు తీరమందలి కృష్ణపట్టణమున నిందుకు సాక్ష్యము గలదు. 13వ శతాబ్దియందు గండగోపాలపట్టణ మనఁబడిన యీ రేవున నానాదేశ వర్తకులు కూడి, తమ సరకులపై కొంతభాగము మనుమసిద్ధీశ్వరునకు సమర్పింప నియమము చేసికొనిరని యచ్చటి తమిళ శాసనము తెలుపుచున్నది.

అట్టి వర్తకులు తమ కట్టుబాటును ‘సమయ’మనిరి. ఇణ్ ధాతువునకు సమ్ అను నుపసర్గము చేరఁగా నేర్పడిన యీ పదమునకు శపథము, ఆచారము, కాలము, సిద్ధాంతము, ఒడంబడిక యని యమరసింహుఁ డర్థములు చెప్పెను. మతమునకును ఒడంబడికకును ఒకటే మాట! బంధుబలము లేని దూరదేశమున వర్తకునకు సిద్ధాంతముకంటె నొడంబడికయే యెక్కువ యుపకరించె నని నా యభిప్రాయము. దేవుని యెదుటఁ గట్టుబడినవానిని పరదేశియు నమ్మును.

మఱి సమయబాహ్యుల మాటేమి? ఉత్తరమున మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుఁడు 1244లో, పగిలిన యోడల సరకును పూర్వరాజులవలె హరింపక, సుంకము మాత్రమే గొందునని సకలద్వీపముల వర్తకులకు నభయ మిచ్చెను. వచ్చువాని సమయ మేదియో యా శాసన మడుగలేదు.